గడప లేని చోటు

ఆదోని,
20 ఆగస్టు 1978

మహానందికి,

మీ అక్క భాగ్యమ్మ చివరి రోజు ఎలా గడిచిందో రాస్తున్నాను. టెలిగ్రాంలో అది పట్టలేదు.

బుధవారం పొద్దున ఆమె నాకంటే ముందే మేలుకుంది. కిటికీ తెరవమంది. తెరిచాను. రాగి జావ రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టింది. మబ్బు పట్టింది, మిద్దె మీది మిరపకాయలు దించుకోమని పక్కింటి చాంద్ బీకి కిటికీలోంచే చెప్పింది. చాంద్ బీ మెట్లెక్కేలోపే చినుకులు పడ్డాయి. దానికి నవ్వింది. డాక్టరు వచ్చి గుండె చూసి, బయటికి వెళ్ళి నాతో మాట్లాడబోయాడు. లోపలే మాట్లాడమని ఆమె అంది. ఆయన స్టెతస్కోపు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఆమె రోజూ నిలబడి ప్రార్థన చేసేది. మోచేతులు మడిచి, రెండు చేతులూ భుజాల ఎత్తుకు ఎత్తి, అరచేతులు తెరిచి. మా చర్చి సంఘంలో ఎవరూ అలా చేయరు. మోకరించి చేతులు జోడిస్తారు. ఎందుకలా అని పెళ్ళయిన కొత్తలో అడిగితే, "ఇట్ల నిలబడితే నాకు ఎవరో ఎదురుగా కూచున్నట్టుంటాది" అంది. ఆ మధ్యాహ్నం నిలబడలేకపోయింది. మంచం మీద కూర్చునే చేతులెత్తింది. ఎడమ చెయ్యి నిలవలేదు. నేను పట్టుకున్నాను. ఆ చెయ్యి నా చేతిలో ఉండగానే ఆమె పోయింది. బరువు మారడం తెలిసింది.

గురువారం సమాధి చేశాం. సంఘం వాళ్ళు పాటలు పాడారు. మీ ఇంటి నుంచి ఎవరూ రాలేదు. మీ నాన్న సిద్ధప్ప గారు మీ అమ్మ చేత వేయించుకున్న ఒట్టు సంగతి నాకు తెలుసు. ఇది నిష్ఠూరం కాదు. ఎవరూ రాలేదని మాత్రమే రాస్తున్నాను.

జవాబు రాయాల్సిన పని లేదు.

జక్కరయ్య


ఎమ్మిగనూరు,
2 సెప్టెంబరు 1978

బావకు మహానంది నమస్కారాలు.

నీ ఉత్తరం తాలూకాఫీసు నోటీసు మాదిరి ఉండాది. కాలేజీలో చరిత్ర చెప్పేటోనివి, సచ్చిపోయిన రాజుల గురించి పిల్లోళ్ళకు ఇంతకంటే ఎక్కువే చెప్తావు కదా.

జవాబు వద్దంటివి. రాస్తాండా. నీకు భార్య కాకముందు ఆమె నాకు అక్క. నాకు మీ మాదిరి రాసే భాష రాదు, మాట్లాడినట్టే రాస్తా, చదువుకో.

టెలిగ్రాం అందిన దినం నేను బస్టాండు దాకా వచ్చినా. మా కులపెద్ద ఉచ్చీరప్ప ఆడ టీ తాగుతాండాడు. "ఏమప్పా మహానందీ, ఆదోని బస్సేనా?" అన్నాడు. నవ్వుకుంటానే అన్నాడు. రేపు మగ్గానికి నూలు ఇచ్చేది ఆయప్పే. వెనక్కొచ్చినా. ఇంకోతూరి అట్ల వెనక్కి రాను.

అమ్మ సంగతి వేరే. ఆ కిరస్తానం ఇంటి గడప తొక్కనని నాయన ఆమె చేత ఒట్టేయించినాడు. పోయేముందు కూడా గుర్తు చేసి పోయినాడు. ఆమె మాటంటే మాటే. మీ పెండ్లయిన కాడి నుంచి తొక్కలేదు.

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించినా. రాట్నం తిప్పుతానే వినింది. ఎడమ చెయ్యి నిలవలేదన్న కాడ రాట్నం ఆపింది. "మళ్ళ చదువు" అన్నది. చదివినా. మళ్ళ తిప్పుకునింది.

ఇవి అడగమన్నది: సమాధి యాడుంది, తల ఏ దిక్కుకు పెట్టినారు, పక్కన ఎవరుండారు, గుర్తు ఏమి. ఆడోళ్ళు అడిగే మాటలు. రాయి.

మహానంది


ఆదోని,
24 సెప్టెంబరు 1978

మహానందికి,

అత్తమ్మకు చెప్పు. సమాధుల తోట ఊరికి పడమట, పత్తి జిన్నింగు మిల్లు దాటాక రోడ్డుకు ఎడమ పక్క. ప్రహరీ లేదు, గేటు లేదు, కిత్తనార కంచె ఉంది, అదీ సగమే. తల పడమటికి. పక్కన ఒక రైల్వే గ్యాంగుమాన్ భార్య ఉంది, మంచి మనిషి, భాగ్యమ్మకు తెలిసినామె. గుర్తుగా ఇప్పుడు మట్టి దిబ్బ మాత్రమే ఉంది. రాయి పెట్టబోతున్నాను.

ఆ రాయి మీద అప్పుడే గొడవ మొదలైంది. మా సంఘం కార్యదర్శి పౌలప్ప సిమెంటు శిలువలు ఒకే అచ్చులో పోయించి చర్చి వెనక పేర్చి ఉంచాడు. ఒకటి తీసుకోమన్నాడు. వద్దన్నాను. శిలువ వద్దనే క్రైస్తవుణ్ణి ఇంతవరకు చూడలేదన్నాడు.

భాగ్యమ్మకు ఇష్టమైన పుస్తకం ఒకటి మా ఇంట్లో ఉంది. నేను మద్రాసులో చదివేటప్పుడు పాత పుస్తకాల అంగట్లో కొన్నది. రోము నగరం కింద తవ్విన సొరంగాల్లో తొలి విశ్వాసులు తమవాళ్ళను సమాధి చేసేవారు. గోడలకు సున్నం పూసి, ఆ సున్నం తడిగా ఉండగానే దీపం వెలుగులో బొమ్మలు వేసేవారు. అందుకే గీతలు తక్కువ. ఒక ఎర్ర గీత, ఒక ఆకుపచ్చ గీత, నాలుగు కుంచె దెబ్బలు. వెనక చెట్లు లేవు, ఇళ్ళు లేవు. మనిషి నిలబడి తిన్నగా మనవైపే చూస్తుంటాడు. చేప, పావురం, లంగరు, గొర్రెను భుజాన వేసుకున్న కాపరి. అవి గోడకు అందం కోసం వేసినవి కావు, నమ్మకానికి గుర్తులు. లంగరు వేశారంటే ఈ పడవ ఇక కొట్టుకుపోదని అర్థం.

శిలువ అక్కడ దాదాపు కనిపించదు. వాళ్ళ కళ్ళ ముందే మనుషుల్ని దాని మీద చంపేవారు. దాన్ని గోడ మీద వేసుకోవడానికి చాలా కాలం పట్టింది. చావు కూడా కనిపించదు. సింహాల గుహలో దానియేలు, అగ్నిగుండంలో ముగ్గురు యువకులు, చేప కడుపులోంచి బయటికొచ్చిన యోనా. నేను చూసిన పుటల్లో ఉన్నవాళ్ళంతా బయటపడ్డవాళ్ళే. వాళ్ళ మధ్య ఒక స్త్రీ ఉంటుంది, రెండు చేతులూ ఎత్తి. పోయిన మనిషి ప్రాణం నెమ్మదిగా ఉందని చెప్పడానికి ఆమెను వేసేవారు. మగవాడి సమాధి మీద కూడా ఆమెనే వేసేవారు.

భాగ్యమ్మ ఆ పుట మీద వేలు పెట్టి, "ఈమె నా మాదిరే నిలబడింది" అనేది. చర్చిలో తన ప్రార్థనను వెక్కిరించిన వాళ్ళకు ఆ పుట చూపించమనేది. నేను చూపించలేదు. ఇప్పుడు రాతి మీద చూపిస్తాను.

పుస్తకం పట్టుకుని ఖాదర్ వలి దగ్గరికి వెళ్ళాను. ఆదోనిలో ముస్లింల సమాధులకు పేర్లు చెక్కేది అతనే. బొమ్మను చాలాసేపు చూశాడు.

"ప్రాణమున్న దాని ముఖం నేను చెక్కను సారూ. కండ్లు ముక్కు పెడితే, దీనికి ఊపిరి కూడా పొయ్యి చూద్దామని పైనోడు అడుగుతాడు. యాడ తెచ్చేది?"

"ముఖం వద్దు. చేతులు సరిగ్గా రావాలి."

"చేతులదేముంది, మేము దువాకు ఎత్తినట్టే ఉండాయి. మీ పౌలప్ప చూసినాడా ఇది?"

"లేదు."

"అయితే బయానా ఇప్పుడే ఇచ్చిపోండి."

ముఖం లేకపోవడం నాకు సమ్మతమే. ఆ గోడల మీద కూడా ఎవరి పోలికా ముఖ్యం కాదు. నిలబడిన తీరే ముఖ్యం.

జక్కరయ్య


ఎమ్మిగనూరు,
15 అక్టోబరు 1978

బావా,

ఈ తూరి నోటీసు కాదు, పాఠమే పంపితివి. బాగుండాది. నేను మా మగ్గాలింట్లో అందరికీ చెప్పినా. మా పక్క మగ్గం దుర్గప్ప ఒక్కటే అడిగినాడు: భూమి లోపల, చీకట్లో, ఎవరూ చూడని కాడ అంత పని ఎందుకు చేసినారు, కూలి ఎవరిచ్చినారు అని. నాకు తెలియలేదు. చూసేటోళ్ళ కోసం కాదేమో అన్నా. "అయితే మన మాదిరే" అన్నాడు. చీర లోపలి కొంగు ఎవరు చూస్తారు, అయినా పోగు తప్పితే మనకు నిద్ర పడుతుందా అని వాని మాట.

నేనొకటి అడుగుతా. ఆ చేతులెత్తిన ఆడమనిషిని మీవాళ్ళే పుట్టించినారా, ఇంకొకరి కాడ తెచ్చుకున్నారా? మేము అంచు మీద హంస వేస్తాము. సాయిబుల పెండ్లికీ అదే పోతాది, మా పెండ్లికీ అదే పోతాది. నువ్వు ఎవరిదానివని హంసను ఎవరూ అడిగింది లేదు.

రాయి సంగతి అమ్మకు చెప్పినా. ముఖం ఉండదని కూడా చెప్పినా. "చేతులు ఎట్ల పెట్టినారు?" అన్నది. లేచి నిలబడి ఎత్తి చూపించినా. "అట్ల కాదు, ఇంకా కొంచెం దగ్గరికి" అన్నది. నేను చూసిన బొమ్మనా అది? నువ్వు రాసినదాన్ని బట్టి పెట్టినా. ఆమె వచ్చి నా మోచేతులు సర్ది చూసి పోయి కూచుంది.

ఎందుకో అడగలేదు.

మహానంది


ఆదోని,
5 జనవరి 1979

మహానందీ,

నువ్వడిగిన దానికి జవాబు. వాళ్ళు ఎవరినీ పుట్టించలేదు. చేతులెత్తిన స్త్రీ రోము వాళ్ళ నాణేల మీద అంతకు ముందే ఉంది, భక్తికి గుర్తుగా. కాపరి బొమ్మ కూడా యేసు పుట్టకముందు నుంచే వేరే దేవుళ్ళను కొలిచేవాళ్ళ దగ్గర ఉంది. బొమ్మలు వేసిన పనివాళ్ళు కూడా ఒకరే కావచ్చు. ఇవాళ ఆ ఇంటి గోడ, రేపు ఈ సమాధి గోడ. విశ్వాసులు బొమ్మను మార్చలేదు, దాని ముందు చెప్పుకునే మాటను మార్చారు. మీ హంసకు ఉన్నంత ధైర్యం వాళ్ళకూ ఉంది.

నవంబరు చివర రాయి నిలబెట్టాం. కింద భాగ్యమ్మ అని పేరు. బాప్తిస్మంలో ఇచ్చిన గ్రేసు అనే పేరు చెక్కాలని పౌలప్ప అన్నాడు. ఆ పేరుతో ఆమెను ఎవరూ ఒక్కసారి కూడా పిలవలేదని చెప్పాను. అప్పటికి సణుక్కుని ఊరుకున్నాడు.

ఇప్పుడు ఊరుకోడు. అమావాస్య మర్నాడు వెళ్ళేసరికి రాతికి కుంకుమ పెట్టి ఉంది. ముఖం ఉండాల్సిన చోట, నుదుటి మీద, పెద్ద బొట్టు. కింద పసుపు, బంతిపూలు. మిల్లుకు పోయే ఆడవాళ్ళను ఆపి అడిగాను. వాళ్ళలో పెద్దమ్మ అనే ఆమెది హొళగుంద వైపు పల్లె.

"మాస్తికల్లు కద సారూ, ఎవురో మొక్కుకోనుంటారు" అంది. మొగుడి చితిలో పడి చచ్చిన ఆడదాని పేరున నిలిపే రాయి అది. వాళ్ళ వైపు పొలాల్లో చాలా ఉన్నాయట. "చెయ్యెత్తింటే మాస్తమ్మే."

"ఈమె మొగుడు చావలేదు. నేనే" అన్నాను.

నన్ను కింది నుంచి పైకి చూసింది. "పోనీలే, మీ కోసరమే ఎత్తింటాది" అని నవ్వి మిల్లుకు పోయింది.

నీళ్ళు తెచ్చి కడిగేశాను. కుంకుమ మీద నాకు కోపం లేదు. భాగ్యమ్మను ఎవరో తెలియని సతిని చేయడం మీద కోపం.

జక్కరయ్య


ఎమ్మిగనూరు,
11 జనవరి 1979

బావా,

కడిగితివా?

ఎవరో ఆడమనిషి పెట్టుకోనుంటుంది. ఆమె కష్టం ఏమో నీకు తెలుసునా. ఇంకోసారి కనిపిస్తే కడగద్దు. నా మాట విను.

మిగతా అంతా కుశలమే. అమ్మ బాగుండాది.

మహానంది


ఆదోని,
18 ఫిబ్రవరి 1979

మహానందీ,

నీ మాట విన్నాను. పోయిన అమావాస్యకు మళ్ళీ కుంకుమ కనిపించింది. ఈసారి రాతి చుట్టూ, సరిగ్గా చేతుల ఎత్తున, ఎర్ర నూలు చుట్టి ఉంది. కడగలేదు. ఆదివారం చర్చి అయ్యాక ఒకరి సమాధి చూడటానికి వచ్చిన వాళ్ళు అది చూశారు. మర్నాడు సంఘం కూర్చుంది.

పౌలప్పను నువ్వు చూడలేదు. చెడ్డవాడు కాదు. భాగ్యమ్మకు జబ్బు చేసినప్పుడు వారానికోసారి వచ్చి కూర్చునేవాడు. అందుకే అతని మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"జక్కరయ్యా, మద్దమ్మ జాతరలో దప్పు కొట్టనన్నందుకు మా నాయన వీపు చీల్చినారు. మీ నాయన పక్కనే ఉండె, ఆయనకూ పడినాయి. వాళ్ళు అంత కష్టపడి తుడుచుకున్న కుంకాన్ని నువ్వు తెచ్చి మళ్ళ సమాధుల్లో పెట్టిస్తాండావు."

"పెట్టించలేదు. ఎవరో పెట్టారు. మా నాన్న భయం పోయి తుడుచుకున్నాడు. నన్ను భయంతో తుడవమంటున్నావు."

"రాయి ఉంటే ఈ పొద్దు బొట్టు, రేపు టెంకాయ, ఎల్లుండి కోడి. నేను బతికుండంగా జరగనియ్యను."

పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాను. చర్చి గోడకు తగిలించిన క్యాలెండరు చూపించాను, గొర్రెపిల్లను భుజాన వేసుకున్న కాపరి. ఇది మొదట ఎవరి దగ్గర ఉండేదో చెప్పాను. పీకాలంటే ముందు ఆ క్యాలెండరు పీకమన్నాను. చర్చిలో తోటి పని చేసే వెంకటేశులు నవ్వాపుకోలేక బయటికి పోయాడు. మిగతావాళ్ళు నవ్వలేదు.

అప్పుడు పౌలప్ప ఒక మాటన్నాడు. "ఆగస్టు నుంచి నువ్వు మోకాలు వంచింది లేదు. పాటలప్పుడు నోరు తెరిచింది లేదు. నీకు ఏది ప్రార్థనో ఏది కాదో చెప్పే హక్కు యాడిది?"

అది నిజం. ఆమె చెయ్యి దించిన తర్వాత నేను నా చేతులు ఎత్తలేదు, జోడించలేదు. నిజమేనని వాళ్ళ ముందే ఒప్పుకున్నాను. నేను ప్రార్థన చేయకపోవడం వేరు, ఆమె చేసిన ప్రార్థనను పీకేయడం వేరన్నాను.

తీర్మానం రాసుకున్నారు. మార్చి పదో తేదీ శనివారం పొద్దున రాయి తీసి సిమెంటు శిలువ నిలుపుతారు. నేను అక్కడే ఉంటానని చెప్పి వచ్చాను. ఖాదర్ వలికి చెబితే, "పీకేటప్పుడు జాగర్తగా పీకమనండి సారూ, అడుగున రెండు మూరలు పాతినా, నడుములు పడతాయి" అన్నాడు.

ఇక అసలు సంగతి. నూలు కొంచెం తెంపి ఈ కవర్లో పెట్టాను. మిల్లు ఆడవాళ్ళ దగ్గర ఇటువంటి నూలు ఉండదు. ఒక నేతగాడి అక్కతో నేను పన్నెండేళ్ళు కాపురం చేశాను. ఇది ఎవరి ఇంటి నూలో నువ్వే చెప్పు.

జక్కరయ్య


ఎమ్మిగనూరు,
28 ఫిబ్రవరి 1979

బావా,

మా ఇంటిదే. ఆ ఎరుపు నేనే అద్దినా. పాకం ముదిరి నల్లెరుపు తిరిగింది, ఎవరూ కొనలేదు. అమ్మ దాచుకునింది.

నువ్వు సమాధి యాడుందో రాసిన కాడి నుంచి ఆమె అదే ఆలోచన. గేటు లేదు, ప్రహరీ లేదని నువ్వు రాసినావే, ఆ మాట రెండు తూర్లు చదివించుకునింది. రాయి నిలిపినాక వచ్చిన మొదటి అమావాస్యకు, "పద, ఆదోని పోదాం" అన్నది. నాయన ఒట్టు ఏమైందంటే, "గడప తొక్కనంటిని. తొక్కలేదు, తొక్కను. ఆడ గడప యాడుంది, సూపించు" అన్నది. బస్సెక్కినాం.

మీరంతా అనుకున్నట్టు ఆమె మొక్కుకోలేదు బావా. కన్నబిడ్డకు యాల మొక్కుతాది? ముత్తైదువ పోతే పుట్టింటోళ్ళు చీర, పసుపు, కుంకుమ పెట్టి సాగనంపల్ల. మేము పెట్టలేదు. అక్క పుట్టింటి బొట్టు లేకుండానే పోయింది. అది పెట్టి వచ్చింది. నువ్వు కడిగినావు. ఆ సంగతి నేను ఆమెకు చెప్పలేదు, చెప్పను కూడా.

చేతుల సంగతి విను. రాయి చూసి ఆమె ఏడవలేదు. ఎదురుగా నేల మీద కూచుంది. "ముఖం లేకపోతే ఏమిరా, చేతులు అవే" అన్నది. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఎర్ర నూలు చిలప, అంటే విప్పని నూలు చుట్ట, చట్రానికి వేస్తే చిక్కు పడుతుందని, అమ్మ దాన్ని అక్క చేతులకు వేసేది. అక్క ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఎత్తి పట్టుకుంటే, అమ్మ కింద కూచోని నూలు చుట్టుకునేది. చిలప అయిపోయేదాకా చేతులు దించకూడదు. దించితే అమ్మ తిట్టేది. అక్క పెండ్లయి నీతో పోయిన వారం కూడా ఒక చిలప సగంలో ఉండిపోయిందంట. ఇదంతా నాకు కొత్త. నేను అప్పుడు మగ్గం గుంతలో ఉంటి.

రెండో తూరి ఆ ఎర్ర నూలు తీసుకుపోయింది. రాతి చేతుల చుట్టూ తిప్పింది. "అయిపోయిందమ్మా, ఇంక దించు" అన్నది. అంతే. లేచి వచ్చేసింది.

మొన్న అమావాస్యకు పోయొచ్చినప్పుడు బస్సులో ఎవరో చూసి చెప్పినారు. ఉచ్చీరప్ప మనుషుల్ని వెంటేసుకొని వచ్చినాడు.

"కిరస్తానం గడప తొక్కితివంట కదా రుద్రమ్మా?"

"గడపా? నువ్వే పోయి సూసి రా ఉచ్చీరప్పా. మీద ఆకాశం, కింద మట్టి. వాకిలి యాడుందో కనిపెట్టి వచ్చి సెప్పు, తప్పు కడతా."

ఆయప్ప నా వైపు తిరిగినాడు. నాకు నూలు ఇయ్యనన్నాడు. ఇయ్యకపోతే నందవరంలో ఇంకొకాయన ఉండాడు. దుర్గప్ప కూడా నాతో వస్తానన్నాడు.

పదో తేదీ శనివారం అమ్మ వస్తాది. నువ్వు రమ్మన్నా, వద్దన్నా. సాగనంపేటప్పుడు పెట్టాల్సిన చీర పెట్టలేదు కదా, నేను నేస్తాండా. శుక్రవారానికి మగ్గం మీది నుంచి దించుతా. మీవాళ్ళు రాయి పీకితే పీకనీ. ఇంక కొంగు కింద దాచుకోని మాత్రం రాము.

మహానంది


ఆదోని,
9 మార్చి 1979, శుక్రవారం

మహానందీ,

ఇది పోస్టులో వేస్తే సమయానికి అందదు. జుమ్మా నమాజు అయ్యాక ఖాదర్ వలి మీ ఊరికి వాళ్ళ చెల్లెలి ఇంటికి వస్తున్నాడు. అతని చేతికిస్తున్నాను. అతనికి టీ ఇప్పించు. రాయి బాగా వచ్చిందని ఒక మాట చెప్పు, ఇక్కడ ఇంకెవరూ చెప్పలేదు.

నిన్న పౌలప్ప ఇంటికి వచ్చాడు. కుంకుమ పెట్టింది ఎవరో అతనికి చెప్పాను. పుట్టింటి వాళ్ళు పెట్టాల్సింది పెట్టిందని, మొక్కు కాదని చెప్పాను. చాంద్ బీ ఇచ్చిన టీ చల్లారిపోయింది.

"తల్లంటే నేనేమంటాను. అయితే ఒక పని చేద్దాం జక్కరయ్యా. రాయి ఉండనీ, నేను అందరికీ చెప్పి ఒప్పిస్తా. నువ్వు దాన్ని శుభ్రంగా కడుగు. ఆమెను ఇంక రావద్దని చెప్పు. నాకు అది చాలు."

"నేను చెప్పను."

"రాయి కావాలనే కదా ఇంత కొట్లాడితివి. ఉండమంటాండా కదా."

"రాయి నిలబెట్టింది నేను. దాని ఎదురుగా వచ్చి కూర్చున్నది ఆమె. మీరు రాయి పీకితే ఆమె మట్టికి బొట్టు పెడుతుంది. మట్టిని ఎక్కడికి తీసుకుపోతారు?"

"మా నాయన వీపు నేను సూసినా" అన్నాడు.

"నేనూ చూశాను. మా నాన్నది" అన్నాను. "ఆ దెబ్బలు కొట్టిన వాళ్ళది బలవంతం. వాకిలి లేని చోటికి ఒక తల్లి బస్సెక్కి వస్తే, దాన్నీ దీన్నీ ఒకే గాటన కడితే మన నాన్నల దెబ్బలకు విలువ లేదు."

లేచి వెళ్ళాడు. శనివారం వస్తామన్నాడు. గునపాలతో వస్తారో లేదో చెప్పలేదు. నేను అడగలేదు.

ఒక మాట అత్తమ్మకు చదివి వినిపించు. అలా నిలబడితే ఎవరో ఎదురుగా కూర్చున్నట్టుంటుందని భాగ్యమ్మ నాతో అంది. మొదటి ఉత్తరంలోనే రాశాను. ఎదురుగా ఉన్నది దేవుడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు ఎవరో తెలిసింది. ఆమె దేవుడికి చేయలేదని నేను అనను. తల్లి ముందు నిలబడినట్టు దేవుడి ముందు నిలబడింది. ఆ సొరంగాల్లో బొమ్మ వేసిన వాళ్ళు కూడా అలాంటి వాళ్ళను ఎవరినో చూసే వేసి ఉంటారు.

కుంకుమ కడిగిన సంగతి ఆమెకు చెప్పనన్నావు. నేనే చెబుతాను, ఎదురుగా.

రేపు పొద్దున ఎమ్మిగనూరు మొదటి బస్సు వేళకు నేను బస్టాండులో ఉంటాను. పసుపు, కుంకుమ, చీర పళ్ళెంలో పెట్టి తెమ్మను, పైన గుడ్డ కప్పవద్దు. ఆ పళ్ళెం నేను పట్టుకుంటాను. వెనక సందుల్లోంచి కాదు, పత్తి మార్కెట్టు ముందు నుంచి, చర్చి ముందు నుంచి నడిచి వెళ్తాం. అత్తమ్మ రాతికి బొట్టు పెట్టి, నువ్వు నేసిన చీర కప్పి, ఎదురుగా కూర్చుంటుంది. నేను రాతి పక్కన నిలబడి, భాగ్యమ్మ ఎత్తినట్టు రెండు చేతులూ ఎత్తి ప్రార్థన చేస్తాను. ఎవరు ఏం పట్టుకుని వచ్చినా, నేను చేతులు దించేదాకా ఆగాలి.

జక్కరయ్య